కుచ్చిళ్ళు వెనక్కుండాలి

పోయిన శనివారం పారమట్టా స్టేషన్ బయట ఒక అబ్బాయి కనిపించాడు. ఎవరి పెళ్ళికో బయల్దేరినట్టున్నాడు. నల్లకోటు, మెడకి బో, చేతిలో చిన్న పూలగుత్తి, కింద ఎర్రగళ్ళ కిల్ట్. స్కాట్లాండ్ మగవాళ్ళు నడుం నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకునే ఉన్ని బట్ట అది. దూరం నుంచి చూసేవాళ్ళకి లంగాలా ఉంటుంది. ఆ అబ్బాయి దాన్ని ముందుది వెనక్కి, వెనకది ముందుకి చుట్టుకున్నాడు. కుచ్చిళ్ళన్నీ పొట్ట కింద ఉబ్బుగా నిలబడ్డాయి. పైగా తుంటి మీదికి జారి, అంచు మోకాళ్ళు దాటి వేలాడుతోంది.

మా ఆవిడ సునీత కూరల సంచితో నా పక్కనే నడుస్తోంది. నేను ఆగిపోయాను. ఆ అబ్బాయి దగ్గరికెళ్ళి, "ఏమీ అనుకోకు. కుచ్చిళ్ళు వెనక్కుండాలి. ఇంకాస్త పైకి, బొడ్డు దాకా లాగి బిగించుకో" అని ఇంగ్లీషులో చెప్పాను. అతను కిందికి తన బట్ట వైపు చూసుకున్నాడు, తర్వాత నా వైపు చూశాడు. బట్టతలా, చేతిలో తోటకూర కట్టా ఉన్న ఒక ఇండియన్ తనకి కిల్ట్ కట్టడం నేర్పుతున్నాడు. నవ్వి, "చీర్స్ మేట్" అని స్టేషన్ టాయిలెట్ వైపు పరుగెత్తాడు.

 కారెక్కాక సునీత, "డాక్టరుగారు గుర్తొచ్చారా?" అంది.

తలూపాను. బెల్టు పెట్టుకున్నాను కానీ కారు వెంటనే తియ్యలేకపోయాను.

ఆయన్ని మొదట చూసింది బస్సులో. మేము టూంగాబీలో ఇల్లు కొనుక్కుని దిగిన కొత్త. మధ్యాహ్నం వేళ, బస్సు దాదాపు ఖాళీగా ఉంది. అయినా ఒక పెద్దాయన కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు. ఎనభై దగ్గరపడిన మనిషి. మనవాడేనని చూడగానే తెలిసిపోయింది. పైన బూడిదరంగు స్వెట్టరు, కింద ఆకుపచ్చా నీలం గళ్ళ కిల్ట్, మోకాళ్ళ కింది దాకా మందపాటి ఉన్ని మేజోళ్ళు. బస్సు మలుపు తిరుగుతుంటే ఆ సన్నటి మోకాళ్ళు వణుకుతున్నాయి.

"కూర్చోండి అంకుల్" అన్నాను, తెగించి తెలుగులోనే.

"కూర్చుంటే కుచ్చిళ్ళు నలుగుతాయి బాబూ" అన్నారు, అది అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు.

ఏ ఊరని అడిగారు. నరసరావుపేట అన్నాను. తనది బాపట్ల అని చెప్పి చెయ్యి చాపారు. ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. రెండు వేళ్ళు నా మణికట్టు మీదికి జార్చి, కళ్ళు సగం మూసి, "కాఫీ తగ్గించు" అన్నారు. తర్వాత తెలిసింది, ఆయన ఎవరికి చెయ్యిచ్చినా అంతే, నాడి చూడకుండా వదలరు. పెళ్ళికొడుకుల చేతులు పట్టుకుని కూడా "నిద్ర చాల్లేదు నీకు" అనేవారు.

ఆ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి డాక్టరుగా పనిచేశారు. ముందొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్లల్లో సగంమందికి టీకాలేసిన చెయ్యి అది. కానీ నాలా తర్వాత వచ్చినవాళ్ళకి ఆయన వింతమనిషి. వెనకాల "లంగా డాక్టరు" అనేవాళ్ళు. ఒక ఉగాది భోజనాల్లో, ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు, ఒకాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమనుకోకండి డాక్టరుగారూ, దాని లోపల ఏముంటుందండీ?"

వరసంతా కిసుక్కుమంది. ఆయన పులిహోర వడ్డించుకుంటూ తల తిప్పకుండా, "సిగ్గుంటుందయ్యా. నీకుందా?" అన్నారు.

ఆ రోజు నుంచి నాకాయనంటే ఇష్టం పుట్టింది. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతలే. పొద్దున వెళ్తే ఓట్స్ జావ తాగుతూ ఉండేవారు. పాలూ పంచదారా కాదు, స్కాట్లాండ్ పద్ధతిలో ఉప్పేసి కాచిన జావ. అంచుకి ఆవకాయ ముక్క. "ఉప్పు వాళ్ళది, కారం మనది" అంటూ నాకూ ఒక గిన్నె పెట్టేవారు. బాగుందని ఎప్పుడూ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. ఇంట్లో ఇంకెవరూ కనిపించేవారు కాదు. గోడ మీద స్కాట్లాండ్‌లో జరిగిన ఆయన పెళ్ళి ఫోటో ఉండేది. చలికి ముక్కు ఎర్రబడ్డ ఒక తెల్లమ్మాయి, పక్కన కిల్టులో బిగుసుకుపోయి నిలబడ్డ ఒక బక్క కుర్రాడు. పిల్లలు లేరని తెలుసు. ఆంటీ సంగతి అడగాలంటే మొహమాటం. మధ్యాహ్నం కాగానే ఆయన లేచి, కలరా ఉండల వాసనేసే అలమారా తెరిచి, కిల్ట్ కట్టుకుని బస్సుకి బయల్దేరేవారు. రోజూ అంతే.

ఒకరోజు జోరున వాన. ఆఫీసుకి సెలవు పెట్టి, ఏదో పని మీద కారులో బయటికొచ్చాను. బస్టాపులో ఆయన తడుస్తూ కనిపిస్తే కారాపాను. కారులో కూడా వెనక సీట్లో పక్కకి ఒరిగి, ఒక చెయ్యి కుచ్చిళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నారు. వెళ్ళాల్సింది వృద్ధాశ్రమానికని అప్పుడు తెలిసింది. "లోపలికి రా, ఒక్క నిమిషం" అన్నారు.

ఆంటీ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెండిలా మెరిసే జుట్టు, ఒళ్ళో ముడుచుకున్న చేతులు. అంకుల్ వేసుకున్న వానకోటు చీలమండల దాకా ఉంది. ఆవిడ ఆయన్ని చూసి మర్యాదగా నవ్వి, స్కాట్లాండ్ యాస కలిసిన ఇంగ్లీషులో, "డాక్టర్, మా ఆయన ఇంకా రాలేదు. ఆయన ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు. ఏమన్నా అయిందేమో కనుక్కుంటారా?" అన్నారు.

"కనుక్కుంటాను" అన్నారు అంకుల్. తలుపు దగ్గరికి వెళ్ళి, వానకోటు విప్పి కొక్కేనికి తగిలించి, మళ్ళీ గదిలోకి వచ్చారు. అదే మనిషి, అదే మొహం. ఆవిడ చూపు ముందు గళ్ళబట్ట మీద పడింది. అక్కణ్ణుంచి మెల్లగా పైకి పాకింది.

"వచ్చావా!" అన్నారు. మొహమంతా వెలుగు. "తిరుగు, వెనక చూడనీ."

ఆయన బుద్ధిగా తిరిగారు. ఆవిడ వెనక కుచ్చిళ్ళని అరచేత్తో పైనుంచి కిందికి నిమిరి, ఒకచోట ఆగి, నలిగిన మడత సరిచేసి, "కూర్చున్నావు కదూ ఎక్కడో" అని కోప్పడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయనే చెప్పారు.

"మతిమరుపు జబ్బు బాబూ. ఆవిడ తలలో ఇప్పుడు మా పెళ్ళి నాటి రోజులే మిగిలాయి. ప్యాంటులో వెళ్తే నేనెవరో డాక్టర్ని. నాతోనే నా మీద బెంగ చెప్పుకుంటుంది. ఒకసారి పాత స్నేహితుడి ఇంట్లో ఏదో వేడుక ఉంటే కిల్ట్ కట్టుకుని, అట్నుంచటే వచ్చాను. చూడగానే పేరు పెట్టి పిలిచింది. అది విని ఎన్నాళ్ళయిందో! ఇంక ప్యాంటు ఎలా వేసుకోను?"

ఇంటికొచ్చి సునీతకి చెప్పాను. తను పొయ్యి కట్టేసి, అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరైనా "లంగా డాక్టరు" అంటే తను ఊరుకునేది కాదు.

చలికాలం మొదట్లో ఆయన ఇంటిముందు మెట్టు మీద జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు కానీ, లేచి నడవడానికి వారాలు పడుతుందన్నారు. నేను ఆఫీసు అవగానే ఆస్పత్రికి వెళ్ళేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారేమోనని వెనక్కి తిరగబోతే మాట్లాడారు.

"ఆవిడ అన్నం ముట్టట్లేదట. వృద్ధాశ్రమం వాళ్ళు ఫోన్ చేశారు. పొద్దస్తమానం కిటికీ దగ్గరే నిలబడుతోందట. కూర్చోమంటే కూర్చోదట."

మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నువ్వు వెళ్తావా బాబూ? కిల్ట్ కట్టుకుని."

 "నేనా? నేను మీరెలా అవుతాను అంకుల్?"

"ఆవిడ ముందు మొహం చూడదు. నువ్వు చూశావుగా. కాసేపు కూర్చుని, రెండు ముద్దలు తినిపించి రా."

"అది మోసం కాదా?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆయనకి కోపం రాలేదు. దుప్పటి అంచు మడతపెట్టారు. "ఏమో. ఆవిడ నన్ను వెతుక్కోవడం ఆగితే చాలు. పేరు ఏదైనా పెట్టుకో" అన్నారు.

మర్నాడు శనివారం. వాళ్ళింటి నుంచి కిల్టూ, మిగతా సరంజామా సంచిలో వేసుకుని ఆస్పత్రికెళ్ళాను. మంచం చుట్టూ పరదా లాగేశారు. ఆయన దిళ్ళకి చేరగిలి, కళ్ళజోడు పెట్టుకున్నారు. అప్పటిదాకా నీరసంగా ఉన్న మనిషి ఒక్కసారిగా మేష్టారైపోయారు.

"ముందు మేజోళ్ళూ, బూట్లూ. కిల్ట్ కట్టాక వంగితే కుచ్చిళ్ళు పోతాయి, పరువూ పోతుంది. మేజోడు మోకాలి కింద రెండు వేళ్ళ దూరంలో మడత. ఊఁ. ఇప్పుడు బట్టని వీపు వెనక పట్టుకో. కుచ్చిళ్ళన్నీ వెనక. నీకు పంచె కట్టడం వచ్చా?"

"పెళ్ళిలో పంతులుగారు కట్టారు."

"నీ మొహం తగలెయ్య. పంచెకి కుచ్చిళ్ళు ముందు, దీనికి వెనక. అది తెలుసుకుంటే సగం వచ్చినట్టే. కుడిచేతిలో ఉన్న కొస పొట్ట మీదుగా ఎడం తుంటికి తీసుకెళ్ళు. అక్కడ చిన్న చీలిక ఉంటుంది. పట్టీ అందులోంచి బయటికి తీసి బకిల్‌కి బిగించు. ఇప్పుడు ఎడంచేతి కొస దాని మీదుగా కుడివైపుకి. దారాలు వేలాడే అంచు కుడివైపే రావాలి. ఎడమకొస్తే ఆడవాళ్ళ కట్టు."

ఆయన నడుం సన్నం, నాది కాదు. పట్టీ ఆఖరి చిల్లుకి కూడా అందీ అందకుండా ఉంది.

"పొట్ట లోపలికి పీల్చు."

"ఎంతసేపు అంకుల్?"

"ఆవిడ నిన్ను చూసినంతసేపు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పరదా అవతలి నుంచి నర్సు, "అంతా బాగానే ఉందా?" అని అడిగింది. ఆయన నవ్వితే తుంటి నొప్పి పుట్టి, కాసేపు పళ్ళు బిగించుకుని ఉండాల్సి వచ్చింది.

తర్వాత పిన్నీసు. కింద కుడి మూల, పై పొరకి మాత్రమే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే అడుగు వెయ్యగానే బట్ట చిరుగుతుంది. కిల్టుకి జేబులుండవు కాబట్టి ముందు గొలుసుతో ఒక తోలుసంచి వేలాడుతుంది. నడుం బెల్టు కింద బెత్తెడు దూరంలో, సరిగ్గా మధ్యలో. నడిచేటప్పుడు అది డోలులా కొట్టుకోకూడదు. కూర్చునేటప్పుడు చీర కట్టుకున్న ఆడవాళ్ళలా వెనక్కి చెయ్యి పోనిచ్చి, కుచ్చిళ్ళు కిందికి నిమిరి, అప్పుడు కూర్చోవాలి. మోకాళ్ళు దగ్గరగా.

"తిరుగు" అన్నారు చివర. తిరిగాను. 

"సరిగా లేదా?"

"ఉంది" అన్నారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "వెనక నుంచి నేనెలా ఉంటానో నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఆవిడకే తెలుసు. వెళ్ళిరా."

కారు దిగి వృద్ధాశ్రమం తలుపు దాకా నడుస్తుంటే చల్లగాలి మోకాళ్ళకి సూదుల్లా గుచ్చుకుంది. ఆయన బొడ్డు దాకా అని ఎంత చెప్పినా, నా పొట్ట మీద కిల్ట్ నిలవలేదు, తుంటి మీదికి జారింది. లోపల ఆంటీ కిటికీ దగ్గరే ఉన్నారు. బల్ల మీద సూపు చల్లారిపోయి ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ తిరిగారు. చూపు ముందు గళ్ళ మీద పడింది. మొహంలో ఆ వెలుగొచ్చింది. చూపు పైకి పాకింది. వెలుగు ఆరిపోయింది.

"నువ్వు ఆయన కాదు" అన్నారు.

 తలదించుకున్నాను.

ఆవిడ నెమ్మదిగా నా దగ్గరికొచ్చారు. ఏడుస్తారనుకున్నాను. కిందికీ పైకీ చూసి, "ఎవరు కట్టారు నీకిది ఇంత కిందికి? మోకాళ్ళ మీద కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. కిల్ట్ పొడవు చూసే పద్ధతి అది. మోకాళ్ళ మీద కూర్చుంటే అంచు నేలకి తగలకూడదు. నాది తివాచీ మీద పరుచుకుంది. ఆవిడ నన్ను లేపి, పట్టీలు విప్పి, మొత్తం పైకి లాగి, ఊపిరాడనంత గట్టిగా మళ్ళీ బిగించారు. అంతకుముందు చెంచా కూడా పట్టుకోని చేతులట అవి, గుమ్మంలో నిలబడి చూస్తున్న నర్సు తర్వాత చెప్పింది. బిగిస్తూ ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు.

"మా ఆయనకీ మొదట్లో రాలేదు. వాళ్ళ ఊళ్ళో మడతలు ముందుకి పెట్టుకుంటారట. పెళ్ళి రోజు అలాగే కట్టుకుని గదిలోంచి బయటికొచ్చాడు. మా నాన్న నవ్వాడు. నేను నాన్నతో అన్నాను, ఈ ఒక్కసారికి నవ్వుకో, మళ్ళీ నా ముందు ఆయన్ని చూసి నవ్వకు అని."

పిన్నీసు సరిచేస్తూ ఆగిపోయారు. కళ్ళెత్తి నన్ను సూటిగా చూశారు. ఆ చూపులో మరుపు లేదు.

"ఆయన పోయాడా?"

"లేదు ఆంటీ! లేదు. జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఉన్నారు."

"ఏ వైపు?"

"ఎడమ."

"తింటున్నాడా? వెల్లకిలా పడుకోనివ్వకండి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. రోజూ కుర్చీలో కూర్చోబెట్టమని చెప్పు." ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ నర్సు. ఆ మాటలు ఎక్కడో లోపలి నుంచి తన్నుకొచ్చాయి. తర్వాత నా భుజం తట్టి అన్నారు, "నా కోసం ఈ వేషాలన్నీ వద్దని చెప్పు. ఏది వేసుకొచ్చినా నేను గుర్తుపడతాను."

ఆ పూట సూపు వెచ్చబెట్టి ఇస్తే తాగారు. నేను లేచేటప్పటికి మళ్ళీ కిటికీ వైపు చూస్తూ, "మా ఆయన వచ్చే వేళయింది" అన్నారు.

ఆస్పత్రికి తిరిగెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. నువ్వు ఆయన కాదన్నారని కూడా చెప్పాను. అంకుల్ పైకప్పు చూస్తూ విన్నారు. ఆంటీ వాళ్ళ నాన్న నవ్విన సంగతి దగ్గర కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి, తుడుచుకోలేదు. చివరి మాట మాత్రం మళ్ళీ చెప్పించుకున్నారు.

"ఏది వేసుకొచ్చినా గుర్తుపడతానందా?"

"అన్నారు అంకుల్."

ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్ళొచ్చని డాక్టర్లు చెప్పిన రోజున, కిల్ట్ తెస్తానంటే వద్దన్నారు. పైజామా, స్వెట్టరు, కాళ్ళ మీద దుప్పటి. "సంచిలో వేసుకొస్తాను అంకుల్, ఎందుకైనా మంచిది" అన్నాను.

"ఆవిడ మాట ఇచ్చింది బాబూ. నేను నమ్మకపోతే ఎలా?" అన్నారు.

గడ్డం కూడా గీయించుకున్నారు. నేను కుర్చీ తోసుకుంటూ గదిలోకి వెళ్ళాను. ఆయన నోరు విప్పలేదు, మొహం పైకెత్తి చూస్తూ ఉన్నారు. ఆవిడ చూశారు. చాలాసేపు చూశారు. 

"పాపం, నొప్పిగా ఉందా మీకు?" అన్నారు ఆవిడ.

"కొంచెం" అన్నారు ఆయన.

ఆవిడ దుప్పటి సర్దారు. నుదురు మీద చెయ్యేసి చూశారు. బల్ల మీదున్న టీ ఆయనకి పట్టించారు, కింద గుడ్డ పెట్టి, ఒలక్కుండా. ఇంటికి కబురు పెట్టాలా, మీ భార్యకి తెలుసా అని అడిగారు. "తెలుసు" అన్నారు ఆయన. మేము లేచేదాకా ఆయన చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

కారులో కూర్చోబెట్టాక దుప్పటి కాళ్ళ మీదికి లాక్కున్నారు. తర్వాత, "ఎంత బాగా చూసుకుందో చూశావా? ఎవరో అనుకుని కూడా!" అన్నారు. ఆ మాట అని, మొహం కిటికీ అద్దం వైపు తిప్పుకున్నారు.

ఆస్పత్రి నుంచి ఇల్లు చేరాక మళ్ళీ కిల్ట్ బయటికి తీశారు. నిలబడలేరు కాబట్టి మంచం మీద పడుకోబెట్టి, కింద బట్ట పరిచి, ఒక్కో కొసా మడిచి బిగించడం నేను నేర్చుకున్నాను. కుర్చీలో కూర్చుంటే కుచ్చిళ్ళు నలిగేవి. ఆంటీ రోజూ కోప్పడేవారు, ఆయన రోజూ క్షమాపణ చెప్పేవారు. నేను వీలైనప్పుడల్లా, వీలుకానప్పుడు సునీత, తీసుకెళ్ళేవాళ్ళం. ఆ కొద్ది వారాల్లో ఆయన సంతోషంగానే ఉన్నారనుకుంటాను. చలి ముదిరాక దగ్గు పట్టుకుంది. ఆంటీ భయపడ్డట్టే నెమ్ము చేరింది.

ఆస్పత్రిలో ఆయాసపడుతూనే నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"నేను పోయాక ఆవిడని తీసుకురండి. రావద్దనడానికి నేనెవర్ని? కానీ నాకు కిల్ట్ కట్టొద్దు."

ఆయన తల కింద దిండు ఎత్తు చేశాను.

"కడితే గుర్తుపడుతుంది. గుర్తుపట్టి గుండె పగిలేలా ఏడుస్తుంది. మర్నాటికి ఎందుకేడ్చిందో మర్చిపోతుంది, ఆ ఏడుపు మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. ఇలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను. పంచె కట్టండి నాకు."

"కానీ అంకుల్, ఆవిడ చివరిచూపు..."

"ఆవిడ ఎదురుచూపులో నేను బతికే ఉంటాను కదా. ఉండనీ."

పంచే కడతానని ఒప్పుకున్నాను.  ఆ వారంలోనే వెళ్ళిపోయారు.

అంత్యక్రియల హాలు వెనక గదిలో నేనే కట్టాను. తెల్లపంచె, సన్న జరీ అంచు. పంతులుగారు ఒక చెయ్యేశారు. ఇన్ని రోజులు కుచ్చిళ్ళు వెనక పెట్టి పెట్టి, నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళబోయాయి. "ముందుకండీ, ముందుకి" అన్నారు పంతులుగారు. హాల్లో మనవాళ్ళు చాలామంది వచ్చారు. ఆయన దగ్గర టీకాలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. శవపెట్టె దగ్గర ఒక పెద్దాయన, "ఆఖరికి మన బట్టల్లోకి వచ్చాడయ్యా డాక్టరు" అని తృప్తిగా అన్నాడు. సునీత నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, ఏమీ చెప్పొద్దని.

ఆంటీని అంతదూరం నడిపించలేక నర్సు చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. నల్లకోటు, మెడలో ముత్యాలు. ఇది ఎవరి అంత్యక్రియలో ఆవిడకి చెప్పలేదు. అగరొత్తుల పొగనీ, పూలనీ, చీరల్నీ ఆసక్తిగా చూస్తున్నారు. కుర్చీ పెట్టె దగ్గరికి తోశాను. ఆవిడ ముందుకి వంగి, తెల్లపంచె మీదుగా చూపు పైకి పోనిచ్చి, ఆ మొహం చూశారు.  ఆవిడ గుర్తుపట్టకూడదనే ఆయన పంచె కట్టమన్నారు. ఒక్కసారి గుర్తుపడితే బాగుండని కూడా ఆ క్షణంలో అనిపించింది.

మంత్రాలు అయిపోయాయి. అందరూ పూలు వేసి, ఒక్కొక్కరే బయటికి వెళ్ళారు. కాఫీల దగ్గర గోలగా ఉంది. పెట్టె పక్కన నేనూ ఆవిడా మిగిలాం. ఆవిడ చుట్టూ ఖాళీ కుర్చీల్ని చూశారు.

"ఈయనకి ఎవరూ లేరా, పాపం?" అన్నారు.

"ఉన్నారు ఆంటీ."

"అయితే వాళ్ళొచ్చేదాకా నేను కూర్చుంటాను" అని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరపమన్నారు.